మంత్రిగారి గుండు మీద ఒక చెంబెడు నీళ్ళు

మంత్రి విరూపాక్షయ్య తన కొత్త మేడ కోసం ఏటి ఎగువనున్న కొండ మీది చెట్లన్నీ నరికించాడు. అప్పట్నుంచి వాన పడితే చాలు, దిగువ పల్లెల్లో వరద, నారుమళ్ళ నిండా బురద. తెల్లారితే రెండో కొండకీ గొడ్డళ్ళు వెళ్తాయని విని, చాపలల్లే గవిరమ్మ రాజుగారి కొలువుకొచ్చి పడింది.

"వాన కురిపించేది దేవుడు, వరద తెచ్చేది ఏరు. మధ్యలో నా తప్పేంటే?" అన్నాడు మంత్రి, మొక్కు తీర్చుకుని వచ్చిన నున్నటి గుండు నిమురుకుంటూ.

ఈ మాట వినీ వినీ గవిరమ్మకు ఒళ్ళు మండిపోయింది. "మీకు నోటితో చెప్తే ఎక్కదు బాబూ!" అంటూ కొప్పు విప్పి, అక్కడున్న కడవలోంచి ఒక చెంబెడు నీళ్ళు నెత్తిన పోసుకుంది. ఒత్తైన జుట్టు తాగినంత తాగి, మిగిలింది బొట్లుబొట్లుగా వదిలింది. భటులు కదిలేలోపే రెండో చెంబు మంత్రి గుండు మీద కుమ్మరించింది. నీళ్ళన్నీ ఒక్కసారే జారి పట్టుబట్టలు ముంచేశాయి.

"చెంబూ అదే, నీళ్ళూ అవే. తేడా ఎక్కడుందో చూశారా?"

"తువ్వాలు! ఎవర్రా అక్కడ, తువ్వాలు!" అని మంత్రి గంతులేశాడు.

"ఒక్క చెంబుకే ఇంత గోలా? ఏటేటా మా ఊరు మునిగితే ఎవరిచ్చారు బాబూ తువ్వాలు?"

రాజు నవ్వాపుకున్నాడు. "గొడ్డళ్ళు వెనక్కి రప్పించండి. ఆ బోడికొండ మీద మళ్ళీ చెట్లు లేచేదాకా మంత్రిగారికి ఎవరూ తువ్వాలివ్వకండి."