పళ్ళెం మీది కాలిపట్టీ

ఏలూరు ప్రదర్శన చెడిపోయిన మూడో రోజు ఫణీంద్ర తడిగొడుగు గుమ్మం బయట ఆనించి, నేరుగా గురువుగారి ముందుకొచ్చి నిలబడ్డాడు. బందరులో ముసురు పట్టి వదలడం లేదు. ఆ మేడ మీది నాట్యశాలలో పట్టపగలే దీపాలు వేసుకున్నారు.

“మాస్టారూ, రాజమండ్రి కార్యక్రమానికి పారిజాత వద్దండి. వినబడని పిల్లతో ఎన్నాళ్ళీ సాహసం? జతి ముగించే తీర్మానం దగ్గర కాలెత్తి అలాగే నిలబడిపోయింది. సభలో నా తల కొట్టేసినట్టయింది.”

సాంబమూర్తి మాస్టారు గజ్జెల తాడుకి ముడి వేస్తున్నారు. తలెత్తలేదు.

“కాలు ఆ పిల్లదైతే తల నీదెందుకు కొట్టేశారు?” అన్నారు.

పారిజాత కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పుట్టినప్పటి నుంచీ ఆమెకి వినబడదు. ఎదుటివాళ్ళ పెదవుల కదలిక చూసి మాట గ్రహిస్తుంది. తను చెప్పదలచింది చిన్న పుస్తకంలో రాసి చూపిస్తుంది. ఆ సంగతి తెలిసే ఫణీంద్ర ఆమెకి వీపు పెట్టి నిలబడ్డాడు.

ఊళ్ళో ఇంజనీరింగ్ కాలేజీ మాస్టరొకాయన ఏడాది కిందట ఆమె కోసం ఒక కాలిపట్టీ తయారుచేసి ఇచ్చాడు. గజ్జెల పైన దాన్ని కట్టుకుంటుంది. ఫణీంద్ర చేతులతో తాళాలు వాయిస్తూ, నోటితో జతులు చెబుతూ, మడమతో నేల మీది మీట నొక్కుతాడు. నొక్కినప్పుడల్లా ఆమె కాలి మీద పట్టీ జుమ్మంటుంది. అందరికీ చెవికి అందే తాళం ఆమెకి కాలికి అందుతుంది. అలా నాలుగు సభల్లో ఆడింది. చూసినవాళ్ళు వచ్చి ఫణీంద్ర చేతులు పట్టుకునేవారు. “ఆ పిల్ల నాట్యమంతా నా మడమ కింద ఉంది” అని అతను అనుకోవడమే కాదు, నలుగురిలో అనడం కూడా మొదలుపెట్టాడు. మనిషి చెడిపోవడానికి అంతకంటే పెద్ద మాట అక్కర్లేదు.

“మీట సరిగ్గానే నొక్కావా?” అని అడిగారు మాస్టారు.

“పద్నాలుగేళ్ళ నుంచి మీ దగ్గర తాళం పట్టినవాణ్ణి. నన్నా అడుగుతున్నారు?”

మాస్టారు లేచారు. పారిజాత దగ్గరికెళ్ళి చెయ్యి చాపారు. ఆమె పట్టీ విప్పి ఇచ్చింది. తరంగం ఆడేటప్పుడు అంచుల మీద నిలబడే ఇత్తడి పళ్ళెం గోడకి ఆనించి ఉంటే తెచ్చి, నేల మీద బోర్లించి, దాని మీద పట్టీ పెట్టారు.

“వాయించు,” అన్నారు.

ఫణీంద్ర మీట దగ్గర కూర్చున్నాడు. మూలన కూర్చున్న మృదంగం ఓంకారం గారు కూడా మృదంగం ముందుకి లాక్కున్నారు. నిదానంగా నడిచే మొదటి కాలంలో తాళం మోగిన క్షణానే పళ్ళెం గల్లుమంది. రెండూ ఒకే దెబ్బలా వినిపించాయి. ఫణీంద్ర గర్వంగా గురువుగారి వైపు చూశాడు.

“మూడో కాలం.”

వేగం పెరిగింది. తాళాలు ఎక్కడా తప్పలేదు. వాటి వెనకాల పళ్ళెం మాత్రం మోగవలసినప్పుడు మోగకుండా, ఒక రవ్వ ఆగి, ఆగి, పరుగెత్తి అందుకోలేని ముసలివాడిలా వస్తోంది.

ఓంకారం గారు నవ్వారు. “ఏమోయ్, నీ వెనకాల ఇంకెవడో నిద్రమత్తులో వాయిస్తున్నాడే!”

“యంత్రంలో ఏదో...” అన్నాడు ఫణీంద్ర.

“మొదటి కాలంలో యంత్రం బాగానే ఉందిగా,” అన్నారు మాస్టారు. “ఇప్పుడు ఏలూరులో వాయించినట్టు వాయించు. ఉన్నదున్నట్టు.”

ఏలూరులో తీర్మానానికి ముందు చప్పట్లు పడ్డాయి. ఆ ఊపులో అతను జతిలో లేని విరుపు ఒకటి తాళాల మీద చేర్చాడు. ఇప్పుడూ అదే వాయించాడు. చేతులు గలగలమని తిరిగాయి. పళ్ళెం మూగబోయింది. ఒక దెబ్బ. రెండు దెబ్బలు. మడమ మీట మీదే ఉంది, కదలలేదు.

కిటికీ దగ్గర పారిజాత పళ్ళెం మీది పట్టీనే చూస్తోంది. సరిగ్గా అది ఆగిన చోట ఆమె పాదం నేల మీంచి లేచి, గాలిలో నిలిచిపోయింది.

ఫణీంద్ర తాళాలు కింద పెట్టేశాడు.

మాస్టారు ఆమె ఎదుటికి వెళ్ళి, పెదవులు కనబడేలా నెమ్మదిగా అడిగారు. “మూడో కాలంలో ఆలస్యంగా వస్తోందని నీకు తెలుసా?”

ఆమె తలూపింది.

“మరి నాలుగు సభల్లో ఎలా ఆడావు?”

పుస్తకంలో రాసింది. ‘కాలికి అందకముందే వేసేదాన్ని.’

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

ఈసారి రాయడానికి చాలాసేపు పట్టింది. ‘చెబితే నన్ను తీసేస్తారని.’

మాస్టారు ఆ కాగితం తెచ్చి ఫణీంద్ర ముందు పెట్టి, తన చోట కూర్చుని మళ్ళీ గజ్జెలు అందుకున్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఫణీంద్రకి కాస్త సులువయ్యేది.

“మాస్టారూ,” అన్నాడు చివరికి. “పొద్దున్నే రాజమండ్రికి ఫోన్ చేశాను. పారిజాత వద్దని మీరు చెప్పమన్నారని చెప్పాను. ఆ పిల్ల పేరు తీసేశారు. వేరే ఊరి అమ్మాయిని పెట్టుకున్నారు. ఆహ్వానాలు కూడా అచ్చుకి వెళ్ళిపోయాయట.”

ముడి వేస్తున్న చేతులు ఆగాయి. ఓంకారం గారు మొహం పక్కకి తిప్పుకున్నారు.

“నాకెందుకు చెబుతావు?” అన్నారు మాస్టారు. “పేరు పోయింది నాదా?”

ఫణీంద్ర లేచాడు. శాల ఆ చివరి నుంచి ఈ చివరికి ఇరవై అడుగులుండదు. అంత దూరం ఎన్నడూ నడవనట్టు నడిచాడు. పారిజాత ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఎదురుగా ఆమె కాలు కనిపించింది. ఏడాదిగా పట్టీ బిగించిన చోట చర్మం నల్లగా కమిలి ఉంది. దాన్నే చూస్తూ, పెదవులు కదిపాడు.

వెనక నుంచి మాస్టారి గొంతు వినిపించింది.

“తల దించుకుని చెబితే ఆ పిల్లకి వినబడదు.”