స్వామి వెనక చోటు

కోనప్పకి కడుపు మండిపోతోంది. కొండ మీది చలికి కూడా ఆ మంట చల్లారడం లేదు.

మంచుకొండల్లోని గుహకి నిర్మలగిరి స్వామి ఏటా శిష్యుల్ని నడిపించుకు వెళ్తాడు. రోజుల తరబడి ప్రయాణం. ఈసారి బయల్దేరింది ముగ్గురే. ముందు స్వామి, ఆయన వెనకే పానకాలయ్య, చివర కోనప్ప.

ఏళ్ల తరబడి ఆశ్రమానికి నీళ్లు మోసినవాడు కోనప్ప. పానకాలయ్యేమో బట్టల కొట్టు కొడుకుల చేతిలో పెట్టి నిన్నగాక మొన్న వచ్చిన మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

ఎక్కలేని చోటల్లా స్వామి అతనికి చెయ్యందిస్తాడు. తన వంతు సత్తుపిండి కూడా అతనికే పెడతాడు. కోనప్ప కాళ్లు బొబ్బలెక్కినా అడిగిన పాపాన పోలేదు. తెల్లవారి ఎండ పడి శిఖరాలు మెరుస్తుంటే పానకాలయ్య చేతులు జోడించి ఏడ్చాడు. కోనప్పకి శిఖరాలు కనబడలేదు. పానకాలయ్య భుజం మీద స్వామి చెయ్యి కనబడింది.

లోయ అంచున సన్నదారి మొదలయ్యే చోట ఇక ఉండబట్టలేకపోయాడు.

"స్వామీ, ఇన్నేళ్లు సేవ చేసింది నేను. మీ వెనక చోటు ఈయనకా?"

స్వామి కోనప్పని తన వెనక నిలబెట్టుకుని, పానకాలయ్యని చివరికి పంపాడు.

కోనప్ప ఛాతీ ఉబ్బింది. కొంతదూరం నడిచాక పానకాలయ్య మొహం ఎలా మాడిందో చూడాలనిపించింది. తల తిప్పాడు. కాలికింద రాయి కదిలింది. జారిపోతున్న అతని మణికట్టుని స్వామి ఒడిసి పట్టుకున్నాడు.

కోనప్ప కొండని కరుచుకుని కూర్చున్నాడు.

"వెనక్కి చూడకుండా ఎలా పట్టుకున్నారు స్వామీ?"

"పడిపోతారనుకున్నవాళ్లనే నా వెనక నడిపిస్తాను. అందుకే ఒక చెయ్యి వెనక్కే ఉంచుకుంటాను."

"మరి నన్ను చివర ఎందుకు పెట్టారు?"

స్వామి దారి వెనక్కి చూపించాడు. అక్కడ పానకాలయ్య రాతికి అతుక్కుపోయి, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ముందుకి రాలేడు, వెనక్కి పోలేడు.

"ఇందాకటిదాకా అతను జారితే పట్టుకోడానికి వెనక ఒకడున్నాడు. ఇప్పుడెవరున్నారు?"

కోనప్ప రాతిని పట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ, మెల్లగా పానకాలయ్యని దాటి అతని వెనక్కి చేరాడు.

"కళ్లు తెరవండి పానకాలయ్యగారూ," అన్నాడు. "నేనున్నాను."