నేరేడుపూడి ఇంటిపేరు

ఏటి ఒడ్డున నేరేడుపూడి రాజధానిగా ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ప్రతాపవర్మ గారికి తనకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. ఎప్పుడైనా ఏదైనా అర్థం కాకపోతే మీసం దువ్వుకునేవారు. ఆ మీసానికి పాపం తీరిక ఉండేది కాదు.

ఒక ఏడు ఎగువసీమలో కరువొచ్చింది. సోమక్క అనే సాలె ఇల్లాలు కొడుకునూ, నెలలు నిండిన కోడలినీ వెంటబెట్టుకొచ్చి నేరేడుపూడిలో మగ్గం వేసుకుంది.

మంత్రిగారికి అది గిట్టలేదు. నిండు సభలో లేచి, "మహాప్రభూ, ఈ వలస వచ్చినవాళ్ళు ఒట్టి సోమరులు. పైగా మనవాళ్ళ పనులన్నీ లాగేసుకుంటున్నారు" అన్నాడు.

"సోమరులైతే పనులెందుకు లాక్కుంటారండీ?" అన్నాడు ఆస్థాన విదూషకుడు తిప్పన్న.

రాజుగారికి తల తిరిగింది. మీసం దువ్వుకున్నారు. "అదే వాళ్ళ మాయ! పై ఊళ్ళవాళ్ళంతా రేపు పొద్దున్నే తమ ఊళ్ళకు పోవాలి. తిప్పన్నా, ఆ పని నువ్వే చూడు."

"ఎవరు పై ఊరివాళ్ళో తెలిసేదెలా ప్రభూ?"

"ఇంటిపేరు అడుగు. ఊరు దానంతటదే బయటపడుతుంది. ఆమాత్రం తెలియదూ?"

ఆ చాటింపు సోమక్క చెవినా పడింది. నొప్పులు రేపోమాపో అన్న పిల్లను ఎండలో ఏ ఊరికి నడిపిస్తుంది?

తెల్లారి రాజుగారు లేచేసరికి ముఖానికి నీళ్ళిచ్చే దిక్కు లేదు. వంటశాలలో పొయ్యి వెలగలేదు. సభకు వెళ్తే సింహాసనం తప్ప మరేమీ లేదు. తను నిద్ర లేచారో లేదో కూడా ఆయనకు అనుమానమొచ్చింది.

కోట గుమ్మం దగ్గర మాత్రం ఊరంతా మూటలతో నిలబడి ఉంది. అందరికన్నా ముందు ఎడ్లబండి మీద మంత్రిగారు!

"మీరెక్కడికయ్యా?" అన్నారు రాజుగారు.

"నా ఇంటిపేరు ములగపాటి కదా ప్రభూ! ములగపాడుకు పొమ్మంటున్నాడు తిప్పన్న. అదెక్కడుందో నాకే తెలియదు" అన్నాడు మంత్రి ఏడుపుగొంతుతో.

"తిప్పన్నా, ఏమిటీ గోల?" అని రాజుగారు కేకవేశారు.

తిప్పన్న చేతులు కట్టుకుని వచ్చాడు. "తమరి ఇంటిపేరు సెలవిస్తారా ప్రభూ?"

"చింతలూరి! తెలియదూ?"

"చింతలూరు ఏటవతల, పొరుగురాజు గారిది. పల్లకీ సిద్ధంగా ఉంది."

"నేనూ పోవాలా? అయితే ఊళ్ళో మిగిలేదెవరు?"

"ఒక్క సోమక్క కుటుంబం ప్రభూ. వాళ్ళ ఇంటిపేరు నేరేడుపూడి."

రాజుగారి చెయ్యి మీసం దాకా వెళ్ళి ఆగిపోయింది. "కరువుకు వలస వచ్చినవాళ్ళకు మన ఊరి పేరేమిటి?"

"ఊళ్ళోనే ఉన్నవాణ్ణి ఆ ఊరి పేరుతో ఎవరు పిలుస్తారు ప్రభూ? వదిలి వెళ్ళినవాళ్ళకే అది ఇంటిపేరవుతుంది. సోమక్క మామగారి తాతలు ఒకప్పుడు ఇక్కడి కరువుకు అక్కడికి పోయారు. అక్కడివాళ్ళు చోటిచ్చారు. తమరి తాతలకూ ఇక్కడెవరో చోటిచ్చే ఉంటారు."

రాజుగారు పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు. ఆజ్ఞ రద్దు చేసి, మెడలోని హారం తీసి తిప్పన్న మెడలో వేశారు. ఆపైన జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి, ఒక పక్కగా నిలబడి చూస్తున్న సోమక్క ముందు నిలబడ్డారు.

"అమ్మా, మరి మేమంతా ఇక్కడ ఉండవచ్చునా?"

సోమక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఉండండి మారాజా. ఉన్నపళంగా పొమ్మంటే ఎంత కష్టమో నాకు తెలుసు."