పిట్టకాళ్ళ అంచు చాప

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. నాకూ తెలీదు, నాకు చెప్పినవాళ్ళకీ తెలీదు. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. కునికేవాళ్ళు గోడకి ఆనుకుని కునకండి, నా మీద మాత్రం పడకండి.

అనగనగా ఒక గెడ్డ, అంటే కొండవాగు. గెడ్డకి ఆవల కొండ, ఈవల పల్లం. కొండోళ్ళు పసుపు దించేవారు, పల్లపోళ్ళు ఉప్పు ఎక్కించేవారు. ఆ ఉప్పూ ఆ పసుపూ అందరి కుండల్లోనూ కలిసే ఉడికేవి. తినే మనుషులు మాత్రం ఒక గట్టు మీద కూర్చునేవారు కాదు.

రెండు ఒడ్లకీ ఒకటే ఆచారం ఉండేది. అది చాప. బిడ్డ పుడితే చాప మీద వేస్తారు. పెళ్ళయితే చాప మీద కూర్చోబెడతారు. పోతే చాపలో చుడతారు. కొండోళ్ళ చాపకి ఎర్రంచు, పల్లపోళ్ళ చాపకి నల్లంచు. అంచు చూస్తే చాలు, మొహం చూడక్కర్లేదు.

ఆ గెడ్డ నడుమ ఒక ఇసకదిబ్బ. దాని మీద ఒక గుడిసె. అందులో గైరి.

గైరి తండ్రి కొండవాడు, తల్లి పల్లం పిల్ల. రెండు ఒడ్లూ తరిమేస్తే ఇద్దరూ వచ్చి ఆ దిబ్బ మీద పడ్డారు. గైరి పుట్టినప్పుడు కొండ నించి చాప రాలేదు, పల్లం నించి చాప రాలేదు. వట్టి ఇసక మీద పుట్టింది. నీటి ఒడ్డున తిరిగే ఉల్లంకి పిట్టలు వచ్చి చుట్టూ నడిచి చూసి పోయాయి. పిట్టలకేం, ఎవరి పురుడైనా చూస్తాయి.

ఒక ఏడాది జ్వరాలొచ్చాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అప్పుడు మాత్రం రెండు ఒడ్ల నించీ మనుషులొచ్చారు. తండ్రిని ఎర్రంచు చాపలో చుట్టి కొండెక్కించారు. తల్లిని నల్లంచు చాపలో చుట్టి పల్లానికి దించారు. బతికినన్నాళ్ళూ ఒక గిన్నెలో గంజి తాగినవాళ్ళు చెరో దిక్కుకి పోయారు. మధ్యలో నిలబడి గైరి ముందు ఇటు చూసింది, తరవాత అటు చూసింది. రేపు నన్నెటు మోసుకుపోతారు అనుకుంది. ఆ దిగులు ఆ రోజు పట్టుకుంది, మరి వదల్లేదు.

దిబ్బ చుట్టూ తుంగ ఏపుగా పెరిగేది. గైరి చాపలల్లేది. నల్లంచు తల్లి నేర్పింది, ఎర్రంచు తండ్రి నేర్పాడు. గైరి చాప మీద నీళ్ళు పోస్తే కింద చుక్క కారదు అనేవారు. రెండు ఒడ్ల పురుళ్ళకీ, పెళ్ళిళ్ళకీ, చావులకీ ఆమె చాపలే. ఆమె పడుకునేది మాత్రం ఇసక మీద.

ఒకనాడు గైరి పల్లానికి వెళ్ళింది. రేవులో కూర్చున్నవాళ్ళు అడిగారు.

"ఎవరోళ్ళే గుంటా?"

"నేను గైరిని."

"అది పేరు. ఎవరోళ్ళవని అడుగుతున్నాం."

గైరి అక్కణ్ణించి తిన్నగా అమ్మమ్మ అసిరమ్మ ఇంటికి వెళ్ళింది. అసిరమ్మ లోపలికి రమ్మనలేదు గానీ పీట బయట వేసింది.

"నల్లంచు ఇప్పిస్తానే నీకు. పెద్దలతో నేను మాట్లాడతాను. ఆ కొండమాట మానెయ్యాలి. చాప అల్లినప్పుడు మీ అయ్య పాట పాడతావట, అదీ మానెయ్యాలి."

"అయ్య పాట లేకపోతే నాకు చెయ్యి ఆడదు అమ్మమ్మా."

"అయితే అక్కడే ఉండు," అంది అసిరమ్మ. పీట లోపలికి తీసుకుపోయింది.

ఇంకొకనాడు కొండెక్కింది. దారిలో కట్టెలు కొట్టేవాళ్ళు అడిగారు.

"ఎవరోళ్ళే గుంటా?"

"నేను గైరిని."

"అది పేరు. ఎవరోళ్ళవని అడుగుతున్నాం."

కొండపెద్ద సుక్రు ఆమెని చెట్టు నీడన కూర్చోబెట్టాడు. తంపటేసిన దుంప కూడా పెట్టాడు. మంచివాడే.

"ఎర్రంచు ఇస్తాం. నువ్వు మా అందరి ముందరా నిలబడి ఒక మాట చెప్పు. మీ అమ్మ మా కుర్రాడికి మందు పెట్టి లాక్కుపోయిందని చెప్పు."

"మా అమ్మ ఆయనకి గంజి పెట్టింది పెదనాన్నా. మందు నేనెప్పుడూ చూళ్ళేదు."

సగం తిన్న దుంప అక్కడే పెట్టి దిగి వచ్చేసింది. ఆ దుంప పూర్తిగా తినొచ్చు కదా అని నాకెప్పుడూ అనిపిస్తుంది. అప్పటికి ఆమెకి ఆకలిగా ఉంది.

మూడోసారి గైరి ఎక్కడికీ వెళ్ళలేదు. కూర్చుని తనకోసం ఒక చాప అల్లుకుంది. అంచుకి ఏం వెయ్యాలో తోచక ఇసక కేసి చూసింది. ఇసక మీద ఉల్లంకి పిట్టల అడుగులున్నాయి. అవే అంచుగా అల్లింది. ఎర్రా కాదు, నల్లా కాదు, తుంగ రంగు మీద తుంగ రంగే. దగ్గరికొచ్చి చూస్తేనే కనబడతాయి.

ఆ చాప చంకన పెట్టుకుని సంతకి వెళ్ళింది. కొండోళ్ళొక వరస, పల్లపోళ్ళొక వరస. మధ్యలో చాప పరిచింది.

"ఇదెవరి అంచు?"

"నాది."

"నీదంటే ఎవరోళ్ళది?"

"గైరిది."

సంత సంతంతా నవ్వింది. పల్లపుపెద్ద పెంటయ్య కళ్ళు తుడుచుకుంటూ, "మనిషికో అంచా? అయితే మా దున్నకీ ఒకటి అల్లి పెట్టవే," అన్నాడు.

"అల్లుతాను మావా. దాన్నయితే ఎవరోళ్ళవని ఎవరూ అడగరు."

నవ్వు ఆగిపోయింది. గైరి చేతులు జోడించింది.

"నేను పోతే దీన్లో చుట్టండి. దిబ్బ మీదే పెట్టండి. గైరీ అని ఒక్కసారి పిలవండి. ఇంకేటీ వద్దు."

ఎవరూ ఊ అనలేదు.

ఆనాటి నించి ఆమె దగ్గర చాప కొన్నవాళ్ళు లేరు. మన అంచులో పిట్టకాళ్ళు కలుపుతుందేమో అని భయం. ఉప్పు రాలేదు, పసుపు రాలేదు, గింజ రాలేదు. గైరి తుంగగడ్డలు తవ్వుకుని తింది. వానలు పట్టాయి. గైరికి జ్వరం తగిలింది.

దిబ్బ మీద పొగ లేవటం మానేసింది. రెండు ఒడ్లూ చూశాయి. వాళ్ళ పిల్లే కదా, వాళ్ళు వెళ్తారులే అనుకున్నారు వీళ్ళు. వీళ్ళు వెళ్తారులే అనుకున్నారు వాళ్ళు. అలా అనుకుంటూ అనుకుంటూ, పోయే ఉంటుంది అనుకున్నారు. అప్పుడు బయల్దేరారు. ఇటు నించి నల్లంచు చాప, అటు నించి ఎర్రంచు చాప. ఎవరి చాపలో చుడితే దిబ్బ వాళ్ళది, తుంగ వాళ్ళది మరి.

శవాన్ని ఏ చాపలో చుట్టాలో తేలేదాకా గుమ్మం దాటకూడదు. అది కూడా ఆచారమే. అందుకని బయటే నిలబడి తగువు పెట్టుకున్నారు.

లోపల గైరి పోలేదు. తన చాప మీద పడుకుని ఉంది. మాటలు వినబడ్డాయి. ఎవరో వచ్చారు అనుకుంది. ఎన్నాళ్ళకో ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"పిల్ల ఎవరోళ్ళు? తండ్రి మావాడు."

"కడుపున మోసింది మా ఆడది. పిల్ల ఎవరోళ్ళు?"

"నేను గైరిని," అంది లోపలి నించి. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. మళ్ళీ అంది. మళ్ళీ అంది. బయట తగువు పెద్దదయింది.

కొండ మీద కురిసిన వాన అప్పుడు దిగింది. ఎర్రమట్టి నీళ్ళు ఒక్క ఊపున వచ్చిపడ్డాయి. అందరూ చాపలు విసిరేసి ఎవరి ఒడ్డుకి వాళ్ళు పరిగెత్తారు.

పల్లపోళ్ళతో వచ్చిన అసిరమ్మ ఒడ్డు ఎక్కి వెనక్కి చూసింది. గుడిసె తడిక కూలింది. లోపల పిల్ల మోచెయ్యి ఆనించి లేస్తూ ఉంది.

"గైరీ," అని పిలిచింది ముసలమ్మ.

గైరి విందో లేదో తెలీదు. వినే ఉంటుందని చెబితే మీరు హాయిగా పడుకుంటారు. కానీ వరద హోరులో పక్కవాడి మాటే వినబడదు. దిబ్బ పోయింది, గుడిసె పోయింది, చాప పోయింది.

ఇప్పటికీ ఆ ఒడ్లలో చాపలకి ఎర్రంచులూ నల్లంచులూ ఉన్నాయి. పోలేదు. ఒక మూల జానెడు మేర మాత్రం రంగు వెయ్యరు, పిట్టకాళ్ళు అల్లుతారు. దాన్ని గైరి మూల అంటారు. బిడ్డ పుడితే తల ఆ మూలన పెట్టి, ఇంటిపేరు పలక్కుండా, పేరు పెట్టి ఒక్కసారి పిలుస్తారు. పొగ లేవని ఇల్లు కనబడితే ఎవరోళ్ళని అడక్కుండా ముందు లోపలికి వెళ్తారు. అంతవరకే నేర్చుకున్నారు. ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ పెళ్ళి ఈనాటికీ జరగలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఈ కథ చెప్పినచోటల్లా చివర చెప్పేవాళ్ళు, "నేను గైరిని," అంటారు. వినేవాళ్ళంతా ఊ అంటారు. సంతలో ఆమెకి దక్కని ఊ అది. ఇప్పుడు ఎంతమంది ఊ అన్నా గైరికి అందదు, అయినా అంటారు.

నేను గైరిని.

అనండి మరి.