నీటికోట ఏనుగు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పెద్దొదిన సుభద్రమ్మ. ఆమె ఈ కథలో వచ్చే ఆండాళ్ళమ్మ అరుగు మీద కూర్చుని పన్నెండేళ్ళు మగ్గానికి నూలు కండెలు చుట్టింది. చూసింది చూసినట్టు చెప్పే మనిషి. నేనూ విన్నది విన్నట్టే చెబుతున్నాను. ఇంకోరకంగా విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు విన్నది తప్పు.

చీరాల పక్కన మగ్గాలపేటలో భావనారాయణ అనే నేతగాడు ఉండేవాడు. పనిలో ఆయన చేతికి తిరుగు లేదు గాని, తన ఎదుట ఇంకొకరిని మెచ్చుకుంటే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆ ఇంకొకరు వేరే ఎవరో కాదు. ఎదురింట్లో ఉండే సొంత చెల్లెలు ఆండాళ్ళమ్మ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆండాళ్ళమ్మ అరుగు మీద రాట్నం పెట్టుకుని కండెలు చుట్టేది. వీధిలో ఆడవాళ్ళు నలుగురైదుగురు తమ రాట్నాలు తెచ్చుకుని పక్కన చేరేవాళ్ళు. బడి వదిలాక పిల్లలు వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. "అమ్మమ్మా, నీటికోట చెప్పు" అనేవాళ్ళు. ఎన్నిసార్లు విన్నా మళ్ళీ అదే అడిగేవాళ్ళు.

అది సినిమా కథ. 'నీటికోట రహస్యం' అని వెనకటికి ఒక మాయల సినిమా వచ్చింది. ఆమె చెప్పే కథలో ఒక మాంత్రికుడు రాకుమారిని ఎత్తుకుపోయి మడుగు అడుగున కోటలో పెట్టి తలుపులు మూస్తాడు. కోట వాకిట్లో ఒక రాతి ఏనుగు ఉంటుంది. రాకుమారికి మాంత్రికుడి శాపం వల్ల ఒళ్ళంతా మంటలు. రోజూ పొద్దు వాలగానే ఆ రాతి ఏనుగు లేచి, కిటికీలోంచి తొండం లోపలికి పెట్టి, ఆమె ఒంటి మీద చల్లగా ఊదుతుంది. ఆండాళ్ళమ్మ ఇక్కడికి రాగానే రాట్నం ఆపేది. పిల్లలందరూ "ఏనుగొచ్చింది!" అని అరిచి, బుగ్గలు పూరించి ఉఫ్ఫుమని ఊదేవాళ్ళు. పెద్దాళ్ళు కూడా ఊదేవాళ్ళు. మా వదిన కూడా ఊదానని ఒప్పుకుంది.

ఎదురింట్లో మగ్గం గుంటలో కూర్చున్న భావనారాయణకు ఒళ్ళు మండేది.

ఆ మంటకు కారణం లేకపోలేదు. ఆ సినిమా పేటలో డేరా హాల్లో ఆడినప్పుడు ఆయనకు పదకొండేళ్ళు, ఆండాళ్ళుకు ఏడు. ఆమెకు ఆటలమ్మ పోసి గదిలో పడుకోబెట్టారు. నేల టికెట్టు కొనుక్కుని సినిమా చూసింది ఆయన. తిరిగొచ్చి కిటికీ బయట నిలబడి కథంతా చెప్పింది ఆయన. ఆ సినిమా మళ్ళీ పేటకు రాలేదు. ఇప్పుడు చూస్తే పేటంతా దాన్ని 'ఆండాళ్ళమ్మ ఏనుగు కథ' అంటోంది.

"చూసింది నేను. చెప్పింది నేను. పేరు దానికా?" అనేవాడు భార్య కోటమ్మతో.

అందుకని అరుగు మీదికి పిల్లలు చేరడం కనబడగానే ఆయన మగ్గం గట్టిగా కొట్టడం మొదలుపెట్టేవాడు. టకా టక్, టకా టక్. చెల్లెలి గొంతు తన చెవిన పడకూడదని పంతం. ఒక్క "ఏనుగొచ్చింది!" అన్న కేక మాత్రం ఆ చప్పుడును కూడా దాటి వచ్చేది. అప్పుడు చేయి ఆగిపోయేది.

"మగ్గాన్ని కొడుతున్నారా, మీ చెల్లెల్ని కొడుతున్నారా?" అనేది కోటమ్మ.

"నీ పని నువ్వు చూసుకో" అనేవాడు.

ఇలా ఉండగా పేటలో చేనేత సంఘం పెట్టి యాభై ఏళ్ళు నిండాయి. అధ్యక్షుడు పాండురంగయ్య ఒక పొద్దున భావనారాయణ ఇంటికి వచ్చాడు.

"బాబాయ్, పండగ చేస్తున్నాం. ఒక పట్టుశాలువా నెయ్యాలి. పేటలో నీ చేతిని మించిన చెయ్యి లేదు."

భావనారాయణ ముఖం విప్పారింది. "ఎవరికి రా శాలువా? కలెక్టరు గారికా?"

"మన ఆండాళ్ళత్తకు! కథ చెప్పించి, సన్మానం చేద్దామని అందరం అనుకున్నాం. మూడు తరాల పిల్లల్ని పెంచింది ఆ కథ."

శాలువా నెయ్యనంటే అసూయ అని పేట అంటుంది. అందుకని భావనారాయణ ఒప్పుకున్నాడు. పదిరోజులు నేశాడు. చివరి రోజు అంచులో ఒక పోగు తెగింది. తెగిన పోగును ముడి వేసుకోవడం ఆయనకు కళ్ళు మూసుకుని చేసే పని. వెయ్యలేదు. "దానికి ఇది చాల్లే" అనుకుని అలాగే నేసేశాడు.

అంతటితో కడుపు చల్లారితే ఈ కథే లేదు.

ఆయన నేరుగా సంఘం ఆఫీసుకు వెళ్ళాడు. "ఒరే పాండురంగా, అది చెప్పేది సగం తప్పులు, పిల్లలు వీధిలో చెప్పుకుంటుంటే విన్నాను. కోటకు ఏడు తలుపులుంటే ఐదంటుంది. మాంత్రికుడికి గడ్డం లేకపోతే గడ్డం పెడుతుంది. సన్మానం ముందు అసలు సినిమా అందరికీ చూపించు. సినిమాలో లేనిది చెబుతున్న మనిషికి శాలువా ఎలా కప్పుతారో చూస్తాను" అన్నాడు.

పాండురంగయ్య నసిగాడు. ఆయన వదల్లేదు. ఎవరో కుర్రాడు ఫోనులో వెతికితే ఆ పాత సినిమా దొరికింది. ఆదివారం మధ్యాహ్నం సంఘం హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి, తెల్లటి పంచె తెరగా బిగించి, ఆట వేశారు.

బయలుదేరేటప్పుడు భావనారాయణ ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. చిన్నపిల్లాడిలా ఉబలాటంగా ఉన్నాడు. "కోటమ్మా, అది చెప్పేవాటిలో ఆ ఏనుగు ఒక్కటే నిజం. ఏనుగు లేచినప్పుడు చూడు, నీ కళ్ళు తిరిగిపోతాయి. యాభై ఏడేళ్ళయింది, ఇంకా నా కళ్ళ ముందే ఉంది" అన్నాడు.

సినిమా మొదలైంది. మొదటి పది నిమిషాల్లోనే ఆయనకు ఏదోలా అనిపించింది. ఆకాశమంత ఎత్తు అనుకున్న కోట అట్టముక్క. రాకుమారుడు ఆనుకుంటే గోడ ఊగింది. ఎగిరే మంచానికి కట్టిన తీగ కనబడింది. మాంత్రికుడు నవ్వితే పెట్టుడు మీసం ఒకవైపు ఊడింది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఎవరో తన చిన్నతనాన్ని బజార్లో నిలబెట్టి నవ్వినట్టు ఆయనకు చెవులు వేడెక్కాయి.

"ఉండండ్రా, ఏనుగు రానివ్వండి" అని గొణిగాడు.

ఏనుగు వచ్చింది. కోట వాకిట్లో సున్నం పూసిన బొమ్మ. రాకుమారి లోపల ఏడుస్తోంది. హాల్లో పిల్లలందరూ బుగ్గలు పూరించి సిద్ధంగా కూర్చున్నారు. బొమ్మ కదల్లేదు. పాట అయిపోయింది. కత్తియుద్ధం అయిపోయింది. మాంత్రికుడు చచ్చాడు, శుభం అని పడింది. ఏనుగు ఎక్కడున్నది అక్కడే ఉంది.

పూరించిన బుగ్గలు ఒక్కొక్కటే మామూలైపోయాయి.

యోగిత అని పక్కింటి పదేళ్ళ పిల్ల లేచి, ముందు వరసలో ఉన్న ఆండాళ్ళమ్మను అడిగింది. "అమ్మమ్మా, ఏనుగు అబద్ధమా?"

అప్పుడు భావనారాయణకు గుర్తొచ్చింది. కిటికీ గుర్తొచ్చింది. లోపల చాప మీద ఒళ్ళంతా పొక్కులతో చెల్లెలు. అమ్మ తప్ప గదిలోకి ఎవరినీ వెళ్ళనిచ్చేవారు కాదు. కథ చెబుతుంటే మధ్యలో ఆమె, "అన్నయ్యా, ఆ కోటలో రాకుమారి ఒక్కతే ఉందా? తోడు ఎవరూ లేరా?" అని ఏడుపు మొదలుపెట్టింది. ఎవరూ లేరు. సినిమాలో ఎవరూ లేరు. ఆయన చేతిలో వేపమండ ఉంది. దాన్ని ఊచల్లోంచి లోపలికి పెట్టి విసురుతూ, "ఎందుకు లేరు? వాకిట్లో రాతి ఏనుగు లేదూ?" అన్నాడు. అలా పుట్టింది ఏనుగు. రోజూ పొద్దు వాలగానే వచ్చి విసిరేవాడు. పుట్టించినవాడే అది సినిమాలో చూశానని నమ్మి ఇన్నేళ్ళు బతికాడు.

ఆండాళ్ళమ్మ అన్న వైపు ఒక్కసారి చూసింది. తర్వాత యోగితతో, "సినిమాలో కదలదమ్మా. నేనే కదిలించాను" అంది.

లేచి ఒక్కమాట చెబితే సరిపోయేది. భావనారాయణ నాలుక కదల్లేదు. చుట్టూ జనం "పెద్దాయనది ఎంత జ్ఞాపకం! ఏడు తలుపులంటే ఏడే ఉన్నాయి" అంటున్నారు. ఆ మాట తియ్యగా ఉంది. పాండురంగయ్య వచ్చి, "బాబాయ్, అసలు చూసినవాడివి నువ్వే. శాలువా నీకే కప్పుతాం" అన్నాడు. ఆయన వద్దనలేదు.

ఇంటికొచ్చాక కోటమ్మ కంచం పెడుతూ అడిగింది. "వెళ్ళేటప్పుడు ఏనుగు ఒక్కటే నిజమన్నది మీరే కదా?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాటి నుంచి ఎదురు అరుగు మీద నీటికోట కథ లేదు. పిల్లలు రెండు రోజులు వచ్చారు. ఆండాళ్ళమ్మ వేరే కథ మొదలుపెడితే, "ఇది నిజంగా ఉందా అమ్మమ్మా?" అని అడిగారు. అంతకుముందు ఆ మాట ఏ పిల్లా అడగలేదు. ఆమె చెప్పడం మానేసింది. ఆడవాళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళు కండెలు చుట్టుకున్నారు.

భావనారాయణ తన వాకిట్లో బల్ల వేసి, బెల్లం ఉండలు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు. మూడో రోజు యోగిత ఆ దారిన పోతుంటే పిలిచాడు.

"ఇటు రావే. అసలు సినిమా కథ నేను చెబుతాను. ఏడు తలుపులూ చెబుతాను."

"వద్దు తాతా. మీ కథలో ఏనుగు కదలదు కదా" అంది యోగిత. వెళ్ళబోయి ఆగింది. "అయినా మీరు ఆవిడ మీద ఎందుకు కోపంగా ఉన్నారు? ఆవిడ రోజూ మీ పేరుతోనే కదా మొదలుపెట్టేది."

"నా పేరా?"

"'ఇది మా అన్న భావన్న చూసొచ్చి, నాకు జబ్బు చేస్తే కిటికీలోంచి చెప్పిన కథ' అనేది. ప్రతిసారీ. మీ మగ్గం చప్పుడుకు మాకు వినబడేది కాదు. అందుకని రెండుసార్లు అనేది. మీకెప్పుడూ వినబడలేదా?"

భావనారాయణ తన మగ్గం వైపు చూశాడు. ఆ రోజు దాని మీద చెయ్యి వెయ్యలేదు.

పండగనాడు వేదిక మీద పాండురంగయ్య ఆయనకు శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. శాలువా భుజం మీద ఉండగానే భావనారాయణ మైకు అందుకున్నాడు.

"ఏనుగు సినిమాలో లేదు. మా ఆండాళ్ళు కూడా పుట్టించలేదు. అది ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి నేను పుట్టించాను. ఆదివారం నాడే నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా నోరు మూసుకున్నాను" అన్నాడు.

ఆయన కిందికి దిగి, శాలువా తీసి చెల్లెలి భుజాల మీద వేశాడు. నేతగాళ్ళ ఇంటి పిల్ల కదా, ఆమె వేలు నేరుగా అంచు మీదికి పోయింది.

"ఇక్కడ పోగు తెగింది అన్నయ్యా."

"తెలుసు. తెలిసే వదిలేశాను."

ఆమె ఆ అంచును కాసేపు తడిమింది. "ఏనుగు కదలదని నాకూ తెలుసు. పదిహేనేళ్ళ కిందట ఆ సినిమా టీవీలో వేశారు. ఒక్కదాన్నే కూర్చుని చూశాను" అంది.

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెబితే నీ ఏనుగు పోతుందని."

భావనారాయణ అక్కడే, జనం మధ్యలో, కండువాలో ముఖం పెట్టుకున్నాడు.

తర్వాత అరుగు మీద కథ మళ్ళీ మొదలైంది. ఆ వేళకు భావనారాయణ మగ్గం ఆపి ఎదురింటికి వెళ్ళి కూర్చునేవాడు. ఏనుగు వంతు ఆయనది, మిగతాది ఆమెది. చిన్నపిల్లలు మునుపటిలాగే ఊదారు. కాని ఆదివారం సినిమా చూసిన పెద్దపిల్లలు కొందరు బుగ్గలు పూరించడం మానేశారు. వాళ్ళు ఇక పూరించలేదు. ఆ నష్టం ఆయన చేసిందే. ఎంత చెప్పినా అది పూడలేదు.

ఇక నా మాట. సంఘం వాళ్ళు అచ్చు వేసిన యాభై ఏళ్ళ సంచికలో భావనారాయణ శాలువాతో ఉన్న ఫొటో వేసి, కింద 'నీటికోట కథ చెప్పి సన్మానం పొందిన పెద్దలు' అని రాశారు. శాలువా ఆయన ఒంటి మీద ఉన్నది గట్టిగా ఐదు నిమిషాలు. ఆండాళ్ళమ్మ పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు మనిషిని పంపి చెప్పించాను, దిద్దలేదు. అది నేను మర్చిపోను. ఆ సంచిక ఎవరి ఇంట్లో ఉన్నా సరే, పెన్ను తీసుకుని ఆ ఫొటో కింద ఆండాళ్ళమ్మ పేరు రాయండి. పక్కన చోటుంటే ఈ నీతి కూడా రాయండి: ఎదుటివారి మెప్పు చెవిన పడకూడదని అసూయతో చప్పుడు చేసేవాడు, ఆ మెప్పులో ఉన్న తన పేరు కూడా వినలేడు.