జునైద్ మార్చిన ఒక్క మాట

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లీ, నువ్వూ లోపలికొచ్చి కూర్చో. చిన్న కథే, చెవి ఇటు పెట్టి వినండి.

కొండ అంచున ఒక దర్గా. అక్కడ హజ్రత్ కరీముల్లా షా అనే పెద్దాయన ఉండేవారు. దర్గా పక్కనే పేదల కోసం ఉచిత వైద్యశాల. అందులో మందులిచ్చేది ఆయన శిష్యుడు జునైద్.

రోగి వయసు, బరువు చెబితే ఏ మందు ఎంత ఇవ్వాలో లెక్కగట్టే ప్రోగ్రామ్ ఒకటి రాశాడు జునైద్. దేవుడిచ్చిన విద్య దాచుకోకూడదని దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు.

అలా పెట్టేవాళ్ళకొక మర్యాద ఉంది. అది ఎంతవరకు నమ్మదగిందో ముందుపేజీలోనే చెప్పాలి. ఇంకా తయారవుతుంటే 'ప్రయోగదశ'. నిశ్చింతగా వాడుకోవచ్చంటే 'స్థిరం'. జునైద్ 'ప్రయోగదశ' అనే రాశాడు. ఏడాది గడిచినా ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు. అతని మనసు చివుక్కుమంది. ఒక పొద్దున, ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరమైనా మార్చకుండా, ముందుపేజీలో మాట మాత్రం మార్చేశాడు. 'స్థిరం'.

వారం తిరక్కుండానే మన్యంలోని ఒక ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది. "స్థిరమని రాశారు కదా బాబూ, రేపటినుంచి మా రోగులకు వాడతాం."

జునైద్‌కి కాళ్ళు నేలమీద నిలవలేదు. గురువు దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పాడు.

"స్థిరమని ఎలా తెలిసింది బేటా?"

"ఏడాదిలో ఒక్క ఫిర్యాదూ రాలేదు హజ్రత్!"

"వాడినవాళ్ళెందరు?"

జునైద్ గొంతు తగ్గింది. "ఎవరూ లేరు."

హజ్రత్ పకపకా నవ్వారు. "కోడలే రాని ఇంట్లో అత్తాకోడళ్ళ పోరు ఎక్కడుంటుందిరా!"

ఆ తర్వాత కోప్పడలేదు, బోధించనూ లేదు. తన గుండెమందు సీసా తెప్పించుకున్నారు. "ఈ పూట నీ లెక్క ప్రకారమే వేసుకుంటా. చూసి చెప్పు."

జునైద్ లెక్క చూసి చెప్పాడు. హజ్రత్ అంత మందూ కొలిచి కప్పులో పోసి, బిస్మిల్లా అని పెదవుల దాకా ఎత్తారు.

జునైద్ ఒక్క ఉదుటున వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. మందు హజ్రత్ తెల్లచొక్కా మీద ఒలికిపోయింది.

"వద్దు హజ్రత్! మీ కిడ్నీలు బలహీనం. అలాంటివాళ్ళ లెక్క నేనింకా సరిచూడలేదు!"

హజ్రత్ ఆ చెయ్యి విడిపించుకోలేదు. రెండో చెయ్యి శిష్యుడి తలమీద పెట్టారు.

"మన్యంలో కప్పు ఎత్తేవాళ్ళ పక్కన నువ్వుండవు కదా బేటా."

జునైద్ కళ్ళు తుడుచుకుని, అక్కడే కూర్చుని ఫోన్ చేశాడు. "అమ్మా, రేపు వాడకండి. అది స్థిరం కాదు. నేనే తప్పు రాశాను."

డాక్టరమ్మ నెమ్మదిగా అంది. "ఏమేం సరిచూడాలో చెప్పండి బాబూ. మేమూ చూస్తాం."

ఇంటికెళ్ళేసరికి ఈ కథలో పేర్లన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు. అతను ఆ ఫోన్ చేశాడు చూశారూ, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. మీకూ అలాంటి రోజొస్తే, తెల్లారేదాకా ఆగకుండా చెయ్యండి.