కడుపునొప్పి చీటీలు

నీలం మాత్రని అరచేతిలో పెట్టుకుని ఝాన్సీ మింగకుండా నిలబడిపోయింది. హిమజ మనసులో మొదటిసారి ఏదో కలుక్కుమన్నది అప్పుడే.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాస్టల్ ఆడపిల్లలందరికీ ఐరన్ మాత్రలిస్తారు. ఝాన్సీది తొమ్మిదో తరగతి, హిమజ క్లాసు. పది రోజులుగా ఆ పిల్ల అన్నం కెలికి వదిలేస్తోంది. పిలిస్తే పలకదు. ఎవరూ పిలవనప్పుడు మాత్రం లేచి, "వస్తున్నా" అంటుంది. వెనక బెంచీ వాళ్ళు కిసుక్కుమంటారు.

"మింగవే తల్లీ, ఇదేమన్నా కాకరకాయా?" అంది హిమజ.

"నావి ఇవి కాదు మేడమ్. తెల్లగా ఉంటాయి." ఝాన్సీ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అవి కూడా ఐరన్ మాత్రలేనని చెప్పమంది మా అమ్మ."

జూన్‌లో బడి తెరిచిన రోజు పిల్లల పెట్టెలు వెతికింది హిమజే. బీఎడ్ అయ్యి, ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు రోజులు. హాస్టల్లో ఎవరి దగ్గరా మందులుండకూడదని రూలు. ఝాన్సీ పెట్టెలో 'ఐరన్ మాత్రలు' అని కాగితం అంటించిన డబ్బా కనిపిస్తే, "మేమే ఇస్తాం కదమ్మా" అని నవ్వుతూ తీసి ఆఫీసు బీరువాలో పడేసింది. దాని సంగతి మళ్ళీ గుర్తు లేదు.

ఆ గురువారం సాయంత్రమే హిమజ ఝాన్సీ తల్లికి ఫోన్ చేసింది. ఆదిలక్ష్మి ఏడ్చింది. అవి పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు రాసిన మాత్రలు. ఒక్క పూట కూడా మానకూడదని చెప్పాడట. కిందటి బళ్ళో ఆ సంగతి తెలిసి నాలుగు రోజుల్లో టీసీ ఇచ్చి పంపేశారు. అందుకే డబ్బా మార్చింది.

ఆదివారం పదింటికల్లా ఆదిలక్ష్మి బడి గేటు దగ్గరికొచ్చింది. డాక్టరుకి చూపించి, వారంలో తెచ్చి దింపుతానంది. సెలవు చీటీలో కారణం రాసి క్లాసు టీచరు సంతకం పెడితే గానీ పిల్లని బయటికి పంపరు.

"నాకు సదువు రాదు టీచరమ్మా. నువ్వే రాసీ. కడుపునొప్పని రాసీ."

"మళ్ళీ వచ్చాక మాత్రలెవరిస్తారమ్మా? వార్డెన్‌కి తెలియొద్దూ?"

"ఈపాలి పరుపులో దాసుకుంటది. నీకు దండవెడతాను, సెప్పకు. ఈ బడి కూడా పోతే ఇది బతకదమ్మా."

పక్కనే ఝాన్సీ బెంచీ మీద కూచుని, ఎవరో తనతో మాట్లాడుతుంటే వింటున్నట్టు తల పక్కకి వాల్చింది. హిమజ చీటీలో పై రెండు వరసలూ రాసింది. మూడో వరస రాయడానికి చెయ్యి రాలేదు. "ఇప్పుడే వస్తా" అని చెప్పి, ఆ కాగితం పట్టుకునే రెండు వీధుల అవతలున్న అచ్యుతమ్మ గారింటికి పరిగెత్తింది.

అచ్యుతమ్మ గారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. హిమజ చేత మొదటిసారి పలక మీద అక్షరాలు దిద్దించింది ఆవిడే. పెద్దయ్యాక కూడా ఏ సందేహం వచ్చినా హిమజ అక్కడికే పోతుంది. ఆవిడకో అలవాటుంది. ప్రశ్న అడిగిన వాళ్ళకి జవాబు చెప్పదు, పని చెప్తుంది.

"చెప్పులతోనే లోపలికొచ్చేశావేం? ఎక్కడ తగలబడుతోంది?"

హిమజ అంతా చెప్పేసింది. "నిజం రాస్తే బడి పోతుంది. అబద్ధం రాస్తే మాత్రలు ఆగినా ఎవరికీ తెలీదు. నేను డబ్బా లాక్కున్నందుకే ఇంతైంది. ఏం రాయను టీచర్‌గారూ?"

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపలేదు. "ఆ బీరువా కింద అరలో రేకు డబ్బా ఉంటుంది. తీసి చదువు. పైకి చదువు, నాకు కళ్ళు సరిగ్గా ఆనవు."

డబ్బాలో పాత కాగితాలు, దారంతో కట్టి ఉన్నాయి. పదో తరగతి చదివే వరహాలు అనే పిల్ల సెలవు చీటీలు. కింద తల్లి పైడమ్మ వేలిముద్ర. హిమజ మొదలుపెట్టింది. "మా అమ్మాయి వరహాలుకి కడుపునొప్పిగా ఉన్నందున రెండు రోజులు..." రెండోది కడుపునొప్పి. మూడోది కడుపునొప్పి, వారం.

"పాపం, ఏం జబ్బు టీచర్‌గారూ?"

"ముందు చదువు."

నాలుగోది చదువుతుంటే హిమజ గొంతు నెమ్మదించింది. గుండ్రటి అక్షరాలు, కాస్త ఎడమకి వాలి ఉన్నాయి. నాలుగు కాగితాల మీదా ఒకటే చెయ్యి. ఆ చెయ్యి ఆమెకి తెలుసు.

"ఇవి... మీరు రాసినవే."

"పైడమ్మకి చదువు రాదు. పిల్ల రాత్రుళ్ళు గోడలతో మాట్లాడుతోంది, ఎవరికీ చెప్పకండి అని కాళ్ళు పట్టుకుంది. రాసిపెట్టాను. జాలిపడ్డాననే అనుకున్నాను." ఆవిడ ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "ఇంకోటుంది."

చివరి కాగితం హెడ్మిస్ట్రెస్‌కి రాసింది కాదు. ఎస్సై గారికి రాసిన దాని నకలు. "అయ్యా, మా అమ్మాయి వరహాలు చాలాకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, అది ఓర్చుకోలేక నిన్న..."

హిమజ ఇక చదవలేదు. అచ్యుతమ్మ గారు కూడా చదవమనలేదు. చాటలో బియ్యం ఒకసారి ఎగరేసి, దించింది.

"ఆ పిల్లకి కడుపునొప్పి ఒక్కరోజు కూడా లేదమ్మా," అంది.

గేటు దగ్గర ఆదిలక్ష్మి ఎదురుచూస్తూ ఉంటుంది. హిమజ లేచి, డబ్బా మూసి, తన కాగితం కోసం వెతికింది. అది అప్పటికే ఆవిడ చేతిలో ఉంది. అచ్యుతమ్మ గారు దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి, రాసి ఉన్న రెండు వరసలూ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"అచ్చం నా దస్తూరీయే," అని తిరిగి ఇచ్చింది.